తారక్క నిలువ

మా బావ చెరుపల్లి ధర్మయ్యను మోసగాడు అన్నవాడితో నేను ఈ రోజుకీ మాట్లాడను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఇంట్లోవాళ్లు అంటారు, ఉండనీ. చిట్యాలలో ఇప్పటికీ ఎవడైనా ఇస్తానని ఇవ్వకపోతే "వాని మాట తారక్క నిలువ" అని నవ్వుతారు. ఆ మాట ఎట్లా పుట్టిందో నవ్వేవాళ్లలో సగం మందికి తెలియదు. తెలిసిన సగం మందిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ ఒక్క మాట వల్ల మా వాడలో మగ్గాలు ఆగిపోయాయి, మా నాయిన అరవై దాటాక ఊరు విడిచాడు, మా అక్క మొగుడు తలెత్తి నడవడం మానేశాడు. ఇందులో నవ్వడానికి ఏముందో నాకు తెలియదు.

ధర్మయ్య మా అక్క శారదమ్మ భర్త. పుట్టింది మా పద్మశాలి వాడలోనే అయినా చేతికి మగ్గం రాలేదు. ఆయన కూర్చుంటే జానెడు బట్టకు పది పోగులు తెగేవి. వాళ్ల నాయిన చూసి చూసి విసిగిపోయి, మీసాలు రాకముందే పట్నం తీసుకుపోయి బేగంబజారులో ఒక సేటు దుకాణంలో వదిలిపెట్టాడు. ఆ సేటు సీమ రంగులు అమ్మేవాడు. జర్మనీ నుంచి, ఇంగ్లండు నుంచి డబ్బాలు వచ్చేవి. మాల్ ముందు, పైసలు తర్వాత. కంపెనీలు ఏటా తమ ఆస్తిఅప్పుల పట్టీని అచ్చు వేసి సేటుకు పంపేవి. ఏ కంపెనీ నిలబడుతుందో, ఏది మూతపడి వచ్చే ఏడు రంగు ఆగిపోతుందో ముందే తెలుసుకోవాలని సేటు ఆ పట్టీలను తన లెక్కలోకి తిరగరాయించుకునేవాడు.

తిరగరాసే పని ఖాదర్ మున్షీది. ఇంగ్లీషు చదివి, పౌన్లను హాలీ రూపాయలు చేసి, దొరల సంవత్సరాన్ని నిజాం ఫసలీ సంవత్సరంలోకి మార్చి, ఉర్దూలో చెబుతుండేవాడు. సేటుకు ఉర్దూ ప్రతి. కింద పనిచేసే తెలుగు గుమాస్తాల కోసం ఒక తెలుగు ప్రతి. ఆ తెలుగు ప్రతి మా బావ రాసేవాడు. అట్లా రాసి రాసి ఆయనకు ఒక విచిత్రమైన ఇంగ్లీషు వచ్చింది. కంపెనీ పట్టీలోని ఏ మాటైనా గడగడా చదివేవాడు గాని, రైలు టికెట్టు మీద ఏముందో చదవమంటే నసిగేవాడు. మా అక్క దీని గురించి చాలా ఆటపట్టించేది. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

పోలీసు యాక్షన్ తర్వాత సేటు దుకాణం ఎత్తేసి బొంబాయి పోయాడు. బావ చిట్యాలకు తిరిగొచ్చాడు. అప్పుడే హాలీ పోయి కల్దారు వచ్చే కాలం. నిజాం రూపాయిని హాలీ అనేవాళ్లం, ఇండియా రూపాయిని కల్దారు అనేవాళ్లం. ఏడు హాలీకి ఆరు కల్దారు. దుకాణాలు, గిర్నీలు, రైతుల బాకీలు అన్నీ కొత్త రూపాయల్లోకి మార్చి రాయాలి. నల్లగొండ దాకా షావుకార్లు ఆయన కోసం కబురు పెట్టేవాళ్లు. కల్దారు ధర్మయ్య అని పేరు పడింది. ఆ తర్వాత అణాలు పోయి నయా పైసలు వచ్చినప్పుడు అణాకు ఆరు పైసలా ఆరుంబావా అని అవ్వలంతా కిరాణా దుకాణం ముందు కయ్యానికి దిగితే, తీర్పు చెప్పడానికి మా బావనే పిలిచారు. ఆయన అణాకు ఆరే అని అవ్వల పక్షం చెప్పాడు. అప్పటి నుంచి మా వాడలో ఆడవాళ్లకు ఆయన దేవుడితో సమానం.

అంతటి మనిషి కాబట్టే వాడలో నేతగాళ్లంతా కలిసి సంఘం పెట్టినప్పుడు లెక్కలు ఆయనకే అప్పగించారు. మా సంఘం నేసేది తేలియా రుమాళ్లు. నూలును ఆముదపు కాయల బూడిద నీళ్లలో, నూనెలో నానబెట్టి, ఎండబెట్టి, మళ్లీ నానబెట్టి, పోగుపోగునూ కట్టు కట్టి ఎరుపూ నలుపూ అద్ది నేయాలి. వాడలోకి ఎవరొచ్చినా ముందు ఆ నూనె వాసన ముక్కుకు తగిలేది. ఆ రుమాళ్లను అరబ్బులు తలకు చుట్టుకుంటారు. బొంబాయి నుంచి ఒక దళారి వచ్చి నగదు ఇచ్చి కట్టలు ఎత్తుకుపోయేవాడు. ధర మాత్రం వాడి ఇష్టం. వాడు కుర్చీలో కూర్చుని రుమాలు అంచు గోటితో గీకి పెదవి విరిచేవాడు. మా నాయిన మల్లయ్య ఆ గీకుడు చూడలేక లేచి బయటికి పోయేవాడు.

మా నాయిన గురించి ఒక మాట చెప్పాలి. వాడలో అందరికన్నా చేయి తిరిగిన నేతగాడు ఆయన. చేత్తో ముట్టనిదే దేన్నీ నమ్మడు. నూలు కట్ట వస్తే పైనున్న చీటీ చూడడు, కట్ట విప్పి లోపలి పోగు లాగి చూస్తాడు. పిల్లను చూడ్డానికి పోయినప్పుడు కూడా వాళ్ల మగ్గం పలుగులు ముట్టి చూసి వచ్చాడని మా అమ్మ ఎత్తిపొడిచేది. సంఘంలో ఏ తీర్మానానికైనా మల్లయ్య నమ్మితే అందరూ నమ్మినట్టే.

అరవై ఆరు ఎండాకాలంలో రూపాయి విలువ తగ్గించారు. పదమూడు రూపాయల చిల్లర ఉండే పౌను ఒక్క రాత్రిలో ఇరవై ఒకటి అయింది. ఆ వానాకాలంలోనే సంఘానికి ఏడెన్ నుంచి, అరబ్బుల దేశంలో ఇంగ్లీషు దొరలు ఏలే రేవు నుంచి, ఒక ఉత్తరం వచ్చింది. థార్న్‌విక్ అని ఒక ఇంగ్లీషు కంపెనీ. బొంబాయి దళారి మా రుమాళ్లను చివరికి అమ్మేది వాళ్లకేనట. మధ్యలో వాడెందుకు, నేరుగా మాకే పంపండి, పౌన్లలో ఇస్తాం, ధర మంచిగా ఇస్తాం అని రాశారు. ఒకటే షరతు. కట్టలు చేరిన ఆరు నెలలకు పైసలు. మా మీద అనుమానం ఉంటే ఇదిగో మా పట్టీ అని అచ్చు కాగితాలు జతచేశారు. మా వాళ్లకు థార్న్‌విక్ నోరు తిరగక తారక్క అన్నారు. తారక్క ఉత్తరం రాసింది, తారక్క రుమాళ్లు అడుగుతాంది అని వాడంతా ఒకటే పరాచికం.

బావకు ఆ కాగితాలు చేతికి వచ్చినప్పుడు మీరు ఆయన మొహం చూడాల్సింది. పదిహేనేళ్లుగా ఉప్పూ పప్పూ లెక్కలు రాస్తున్న మనిషి. పొద్దున్నే స్నానం చేసి, మా అక్కతో గచ్చు కడిగించి, పీట వేసుకుని కూర్చున్నాడు. పౌన్లను రూపాయలు చేశాడు. వాళ్ల డిసెంబరు లెక్కను మా మార్చి లెక్కకు సర్దాడు. ఇంగ్లీషు మాటలన్నిటికీ మాకు తెలిసిన మాటలు పెట్టాడు. వారం పట్టింది. మధ్యలో నేను పోతే, "బామ్మర్దీ, గీళ్ల లెక్క మన జమాఖర్చు లెక్కనే ఉన్నది, చూడు" అని సంబరంగా చూపించాడు.

ఆ మాట దగ్గరే మా కొంప మునిగింది. జమాఖర్చు పుస్తకం మీలో చాలామంది చూసి ఉంటారు. ఎడమ పేజీ జమ, కుడి పేజీ ఖర్చు. ఎడమ పేజీలో అందరికన్నా పైన రాసేది నిన్నటి నిలువ. అంటే నిన్న రాత్రి దుకాణం కట్టేటప్పుడు పెట్టెలో మిగిలిన రొక్కం. ఇంగ్లీషు కంపెనీ పట్టీలోనూ ఎడమ పక్కనే, పైభాగాన, పెట్టుబడి కింద ఒక మాట ఉంటుంది. రిజర్వు. దాని ఎదురుగా పెద్ద అంకె. ఖాదర్ మున్షీ ఆ మాటను ఉర్దూలో మహఫూజ్ అని చెప్పేవాడు. మహఫూజ్ అంటే భద్రంగా ఉన్నది. ఎడమ పక్క, పైన, భద్రంగా ఉన్నది. మా బావ సేటు దుకాణంలో చేరిన మొదటి ఏడు నుంచీ దానికి తెలుగులో నిలువ అనే రాశాడు. మున్షీకి తెలుగు చదవడం రాదు. గుమాస్తాలకు అది పట్టదు. ఎవరూ దిద్దలేదు. ఏ కొంపా మునగనూ లేదు. అక్కడ కంపెనీలు మనకు మాల్ ఇచ్చేవి, మనం వాళ్లకు ఇవ్వాల్సి ఉండేది. మనం బాకీపడ్డవాడి పెట్టె నిండుగా ఉంటే ఏంటి, ఖాళీగా ఉంటే ఏంటి?

సంఘం సభ దసరాకు ముందు, నూలు ఆరబెట్టే వాకిట్లో జరిగింది. ఆడవాళ్లు కూడా వచ్చి గోడ పొడుగునా కూర్చున్నారు. బావ తెల్ల చొక్కా వేసుకుని నిలబడి రెండు పక్కలూ చదివాడు. ఎడమ పక్క పెట్టుబడి ఇంత, నిలువ ఇంత. ఆ నిలువ రూపాయల్లో విని జనం మళ్లీ చదవమన్నారు. మా జిల్లాలో ఉన్న మగ్గాలన్నీ అమ్మినా అంత రాదు. ఆ అంకె అంత లావుగా వినబడడానికి పౌను ఇరవై ఒకటి కావడం కూడా ఒక కారణమే. తర్వాత కుడి పక్క చదివాడు. గోదాములు, ఒక చిన్న ఓడ, గోదాముల్లోని సరుకు, బేరగాళ్ల దగ్గర రావాల్సినవి, చివరికి చేతిలో రొక్కం. ఆ చివరిది చాలా చిన్నది. సైదులు అని మా వరసలోనే ఒకడు ఉండేవాడు, నోటి దురుసు మనిషి. వాడు, తారక్క చేతిలో గింతేనా, మా ఇంట్లోనే ఎక్కువుంటది అని నవ్వాడు. బావ ఓపిగ్గా, అది రోజువారీ చేతి ఖర్చుల పెట్టె అని, అసలు సొమ్ము ఎడమ పక్క నిలువలో ఉందని వివరించాడు. సైదులు కూడా ఒప్పుకున్నాడు.

అందరూ మా నాయిన వైపు తిరిగారు. ఆయన లేచి బావ దగ్గరికి వచ్చాడు. ముట్టి చూడ్డానికి అక్కడ ఏముంది, కాగితం తప్ప? ఆ కాగితాన్నే తీసుకుని, చదవడం రాకపోయినా, నిలువ అన్న మాట ఎక్కడుందో చూపించమని అడిగాడు. బావ వేలు పెట్టి చూపించాడు. మా నాయిన ఆ మాట మీద బొటనవేలు పెట్టి అడిగాడు.

"గీ నిలువ అంటే పైసలు పెట్టెల ఉన్నట్టే గదా, అల్లుడా?"

"ఉన్నట్టే, మామా."

ఆ రెండు మాటలూ నేను నా చెవులారా విన్నాను. అందులో మోసం ఉందని ఎవడైనా అంటే వాడి పళ్లు రాలగొట్టాలనిపిస్తుంది. ఆ మనిషి నమ్మి చెప్పాడు. మా నాయిన నమ్మి విన్నాడు. తీర్మానం అయిపోయింది.

ఆ దసరా నుంచి ఉగాది దాకా మా వాడ నేసినట్టు ముందెప్పుడూ నేయలేదు, తర్వాత నేయలేదు. సంఘం తన దగ్గరున్నదంతా నూలుకు పెట్టింది. చాలక ఎవరి ఇంట్లో ఉన్నది వాళ్లు తెచ్చి కలిపారు. బొంబాయి దళారి వచ్చి కుర్చీలో కూర్చుంటే ఒక్క రుమాలు కూడా ఇవ్వలేదు. మా నాయిన జీవితంలో మొదటిసారి వాడి ముందు నుంచి లేచిపోకుండా ఎదురుగా కూర్చుని చుట్ట కాల్చాడు. దళారి ఈ పద్ధతి మంచిది కాదని, సముద్రం అవతల వాళ్లకు అరువు ఇవ్వొద్దని ఏదో చెప్పబోయాడు. వాడి కడుపుమంట అనుకున్నాం. మళ్లీ మీ గడప తొక్కితే ఒట్టు అని పోయాడు. ఆ ఒట్టు నిలబెట్టుకున్నాడు కూడా. మా అక్క చేతులు ఆ ఏడు నూనె బూడిదలో నాని పగిలి నెత్తురు కారేవి. తారక్క పైసలు వస్తే వెండి కడియాలు చేయించుకుంటానని, పగిలిన చేతులకు కడియాలు బాగుంటాయా అని తనే నవ్వేది.

కట్టలు లారీ ఎక్కి బొంబాయికి, అక్కడ ఓడ ఎక్కి ఏడెన్‌కు పోయాయి. చేరినట్టు రసీదు వచ్చింది. బావ దాన్ని మా నాయినకు చదివి వినిపించాడు. ఆ రాత్రి వాడలో అందరికీ కల్లు పోయించారు.

తర్వాత జూన్‌లో అక్కడెక్కడో అరబ్బులకూ యూదులకూ యుద్ధం వచ్చింది. ఓడలు పోయే కాలువ మూతపడింది. చిట్యాల బస్సు హోటలు రేడియోలో ఆ వార్త నేను కూడా విన్నాను. విని చాయ్ తాగి వచ్చేశాను. ఎక్కడి కాలువ, ఎక్కడి మా వాడ? ఆ కాలువ మూస్తే ఏడెన్‌కు ఓడలు రావనీ, ఓడలు రాకపోతే ఆ ఊళ్లో బేరాలే ఉండవనీ మాలో ఎవరికి తెలుసు? బావకు మాత్రం కొంచెం గుబులు పుట్టినట్టుంది. అయినా ఎవరు అడిగినా, బేరం లేకపోతే లేకపోవచ్చు గానీ వాళ్ల నిలువ ఎక్కడికి పోతది, పెట్టెలోనిది పెట్టెలోనే ఉంటది అని ధైర్యం చెప్పేవాడు. ఆ ధైర్యం తనకు తాను చెప్పుకున్నాడో మాకు చెప్పాడో తెలియదు.

పైసలు రావాల్సిన నెల వచ్చింది, పోయింది. దీపావళి తర్వాత ఏడెన్ నుంచి ఇంగ్లీషు దొరలు జెండా దించి వెళ్లిపోయారని రేడియో చెప్పింది. ఆ వెంటనే కాగితం వచ్చింది. థార్న్‌విక్ కంపెనీ మూతపడింది, ఉన్న ఆస్తి అమ్మి బాకీలు తీరుస్తారు, ముందు బ్యాంకులకు, మిగిలితే మిగతావాళ్లకు, మిగిలేలా లేదు అని. బావ దాన్ని మూడుసార్లు చదివి, మరి నిలువ ఏమైంది, నిలువ గురించి రాయలేదేమని మమ్మల్నే అడిగాడు. ఆయనకు అప్పటికీ అర్థం కాలేదు. ఎవడో నిలువ ఎత్తుకుపోయాడు, కేసు వేయాలి అన్నాడు.

ఖాదర్ మున్షీని అడుగుతానని పట్నం బయలుదేరాడు. మా అక్క భయపడి నన్ను వెంట పంపింది. మున్షీ శాలిబండలో ఒక కిరాయి గదిలో ఉన్నాడు. రెండు కళ్లకూ పొర కమ్మింది. గొంతు విని గుర్తుపట్టి, బావ చేతులు పట్టుకుని, చాయ్ తెప్పించాడు. బావ పట్టీ మొత్తం నోటితోనే చెప్పాడు, ఎడమ పక్క, కుడి పక్క. మున్షీ కళ్లు మూసుకుని విన్నాడు. నిలువ అన్నచోట ఆపి, నిలువ అంటే ఏంది అని అడిగాడు. ఆయనకు ఆ తెలుగు మాట తెలియదు. మీరు చెప్పిన మహఫూజే సాబ్, దాన్నే నేను నిలువ అని రాశాను, పెట్టెలో ఉండే రొక్కం అన్నాడు బావ. మున్షీ తల అడ్డంగా ఊపాడు.

"మహఫూజ్ అంటే పెట్టెల పెట్టింది కాదు బేటా. లాభంల పంచకుండ ఆపింది. గంతే. ఆపింది యాడున్నదో గా మాట చెప్పదు. అది గోదాం అయి ఉంటది, ఓడ అయి ఉంటది, ఇంకొకని దగ్గర బాకీ అయి ఉంటది. పెట్టెల ఏమున్నదో కుడిపక్క ఆఖరున రాస్తరు."

కుడిపక్క ఆఖరున. చేతిలో రొక్కం. సైదులు ఆనాడు నవ్వింది దాని గురించే.

నాకు అప్పుడు మా అవ్వ గుర్తొచ్చింది. ఈ ఇంటి కోసం బతుకంతా ఇంత కూడబెట్టిన అని రోజూ చెప్పుకునేది. అబద్ధమేమీ కాదు, కూడబెట్టింది. అదంతా ఇంటి దూలాల్లో, మగ్గం గుంటలో, పెంకుల్లో ఉంది. ఆమె పెట్టె తెరిస్తే ఒక పాత చీర తప్ప ఏముంది? ఇంత చిన్న సంగతి. ఇంత చిన్న సంగతి మా వాకిట్లో ఎవరికీ తట్టలేదు.

గప్పుడే నాకెందుకు చెప్పలేదు సాబ్ అని అడిగాడు బావ. గొంతులో కోపం లేదు, ఏడుపు ఉంది. నువ్వు అడగలేదు అన్నాడు మున్షీ. అప్పుడు వాళ్ల మాల్ మన దగ్గరుండె, వాళ్ల పెట్టెలో ఏముంటే మనకేం ఫికర్ అన్నాడు. నిజమే. తెచ్చిన చాయ్ అట్లాగే చల్లారిపోయింది.

తిరుగు బస్సులో బావ కిటికీ వైపు మొహం పెట్టి కూర్చున్నాడు. చౌటుప్పల్ దాటాక ఒక్కసారి మాట్లాడాడు. "కుడిపక్క గూడ నేనే రాసిన బామ్మర్దీ. నా చేతితోనే రాసిన. నేనే సదివి ఇనిపించిన."

ఆయన దాచలేదు. అది చెప్పాలి, ఎందుకంటే ఆయన్ని తిట్టేవాళ్లు ఈ సంగతి చెప్పరు. మర్నాడే అదే వాకిట్లో అందర్నీ పిలిచి, తప్పు తారక్కది కాదు, నాది అని చెప్పాడు. మాట తప్పు రాశాను, సొమ్ము ఎప్పుడూ పెట్టెలో లేదు అని చెప్పాడు. దొంగ ఎవడో ఎత్తుకుపోయాడని ఉంటే జనం దొంగను తిట్టుకునేవాళ్లు. ఒక మాట తప్పు పడినందుకు ఏడాది కష్టం పోయిందంటే ఎవరిని తిట్టాలి? ఎదురుగా ఉన్నవాణ్ణే తిట్టారు. నిలువ నిలువ అని నిలువ నీడ లేకుండా చేసినవు గదనే అన్నాడు సైదులు. అందరూ ఆ మాటనే పట్టుకున్నారు. ఒకప్పుడు అణాల తీర్పుకు దండం పెట్టిన ఆడవాళ్లే బోరింగు దగ్గర మా అక్క బిందె పెడితే తమ బిందెలు పక్కకు జరుపుకున్నారు. మా అక్క ఆ తర్వాత అవతలి వాడకు పోయి నీళ్లు తెచ్చుకునేది.

సంఘం నూలు కొనలేకపోయింది. దళారి రాలేదు. కబురు పెట్టినా రాలేదు. ఒక్కొక్క ఇంట్లో మగ్గం చప్పుడు ఆగిపోయింది. సంక్రాంతి నాటికి వాడలో నూనె వాసన పోయింది. దాని మీద పుట్టి పెరిగిన ముక్కులకు ఆ వాసన లేకపోవడం ఎట్లుంటుందో చెప్పలేను. ఇల్లు కాలినా అంత తెలియదేమో. ముందు సైదులు బొంబాయి పక్కనున్న భివండి పోయాడు, మర మగ్గాల మీద కూలికి. తర్వాత ఇంటి వెనక ఇల్లు. చివరికి మా నాయిన కూడా మగ్గం విప్పాడు. పలుగులు, అచ్చు, నాడె అన్నీ తుడిచి గోనెసంచిలో కట్టాడు. ఎవరికిస్తాడు, కొనేవాళ్లెవరు? అటక మీద పెట్టాడు. మేము బయలుదేరిన రోజు బావ బస్సు దగ్గరికి రాలేదు. రావడానికి మొహం లేదని అక్క చెప్పింది.

బావ ఊళ్లోనే ఉన్నాడు. ఒక కిరాణా షావుకారు జాలిపడి లెక్కలు రాయమన్నాడు. రాసేవాడు గానీ, రోజు చివర నిలువ అన్న మాట రాయడు. పెట్టె మూత తీసి, లోపల చేయి పెట్టి, నోట్లూ చిల్లరా ముట్టి చూసి, పెట్టెలో ఉన్నది ఇంత అని రాసేవాడు. మా నాయిన నూలును చూసినట్టు. నిలువ అని రాయకపోతే పుస్తకం చెల్లదయ్యా అని షావుకారు మొదట బతిమాలాడు, తర్వాత కసిరాడు, చివరికి మాన్పించాడు. ఆ తర్వాత ఆయన ఏ పనికీ పోలేదు. మా అక్క బీడీలు చుట్టి ఇల్లు నడిపింది. బావ ఇంట్లో కూర్చుని, పాత కాగితాల వెనక వైపు తారక్క పట్టీని మళ్లీ మళ్లీ తిరగరాసేవాడట. ఈసారి సరైన మాటలు పెట్టి. ఎవరికి చదివి వినిపిస్తాడు? వినాల్సినవాళ్లు భివండిలో ఉన్నారు.

భివండిలో మా నాయినకు మర మగ్గం మీద చేయి పెట్టనివ్వలేదు. ముసలి చేయి అన్నారు. ఆ చేతికి తెలిసింది వాళ్ల సేట్లకు ఏడు జన్మలెత్తినా రాదు. కండెలు చుట్టడానికి కూర్చోబెట్టారు. పగలూ రాత్రీ ఆ మరల మోత. ఏడాదిలోనే చెవులు పోయాయి, తర్వాత దూది దుమ్ము రొమ్ముకు పట్టింది. ఒక గదిలో ఏడుగురం. ఆయన మూలన గోడకు ఆనుకుని దగ్గుతూ ఉండేవాడు. దవాఖానలో చూపిస్తే, ఊరికి తీసుకుపోండి, గాలి మారాలె అన్నారు. ఏ ఊరికి?

అరవై తొమ్మిది చలికాలంలో ఇక ఎక్కువ రోజులు లేవని అక్కకు జాబు రాయించాను. అక్కా బావా ఇద్దరూ వచ్చారు. బావను చూసి నేను గుర్తుపట్టలేదు. తెల్ల చొక్కా వేసుకునే మనిషి, మాసిన పంచె మీద ఎవరిదో పాత కోటు వేసుకుని ఉన్నాడు. గడప అవతలే చాలాసేపు నిలబడ్డాడు. మా నాయిన చూసి, రమ్మని చేయి ఊపాడు. బావ వచ్చి కాళ్ల దగ్గర కూర్చున్నాడు. ఆ కాళ్లు పట్టుకుని, తలవంచుకుని ఏదో అడిగాడు. మా నాయినకు వినబడలేదు. మళ్లీ అడిగాడు, మళ్లీ వినబడలేదు. పక్క గోడ అవతలే మరలు తిరుగుతున్నాయి. చివరికి బావ ఆయన చెవి దగ్గర నోరు పెట్టి, గొంతు చించుకుని అరవాల్సి వచ్చింది. జీవితంలో ఎప్పుడూ గొంతెత్తని మనిషి. వసారాలో ఉన్న మా ఊరివాళ్లంతా, సైదులుతో సహా, తలలు తిప్పి చూశారు.

"నా మీద కోపం లేదు గదా, మామా?"

మా నాయిన ఆయన మొహం వైపు చూశాడు. చేయి చాపి, నూలు కట్టను ముట్టినట్టు, బావ చెంప ముట్టి చూశాడు. మంచివాడు మా నాయిన. మనసులో ఉన్నదానికన్నా ఎక్కువ చెప్పలేదు, తక్కువ చెప్పలేదు.

"లేనట్టే, అల్లుడా."